మాంద్యకాలపు అమ్మకపు పన్ను టోకెన్లు: వంద బిళ్ళల మిశ్రమ సంచిపై సమీక్ష

అమెరికాలో సెంటు కన్నా తక్కువ పన్ను కట్టడానికి రాష్ట్రాలు ఒకప్పుడు వేసిన చిన్న బిళ్ళలే అమ్మకపు పన్ను టోకెన్లు. వాటి సేకరణ మొదలుపెట్టదలచిన వారికి నాణేల వ్యాపారులు సాధారణంగా ముందుగా చూపించేది మిశ్రమ సంచి. పలు రాష్ట్రాల టోకెన్లను వేరు చేయకుండా ఒకే సంచిలో పోసి, వందకు ఇంత, రెండు వందలకు ఇంత అని అమ్ముతారు. సెయింట్ లూయిస్ పరిసరాల్లో ఉండే నాకు పాత సామాన్ల దుకాణాల గాజు అరల్లో మిస్సోరి టోకెన్లు తరచుగా కనిపిస్తూనే ఉంటాయి గానీ, మిగతా రాష్ట్రాలవి అంత సులువుగా దొరకవు. అందువల్ల ఒక ఆన్‌లైన్ వ్యాపారి దగ్గర, ఎనిమిది రాష్ట్రాలకు తక్కువ కాకుండా ఉంటాయన్న హామీ చూసి, వంద టోకెన్ల సంచి తెప్పించుకున్నాను. టపా ఖర్చుతో కలిపి నలభై డాలర్ల లోపే అయింది. నా తీర్పు ముందే చెబుతున్నాను: వ్యాపారి చేసిన పనిలో లోపాలు ఉన్నా, సంచి మాత్రం కొనదగినదే. పెట్టిన డబ్బుకు ఇంత చరిత్ర చేతికి వచ్చే సేకరణ నాకు తెలిసి మరొకటి లేదు.

సంచిలో ఏముందో చెప్పే ముందు ఈ బిళ్ళలు ఎందుకు పుట్టాయో తెలియాలి, ఎందుకంటే అది తెలియకపోతే ఇవి తుక్కు అల్యూమినియం ముక్కల్లాగే కనిపిస్తాయి. 1929లో మొదలైన మహామాంద్యంలో ఆస్తుల విలువలు పడిపోయి, ఇళ్ళ మీదా పొలాల మీదా వేసే పన్ను వసూలు కాక రాష్ట్ర ప్రభుత్వాల ఖజానాలు ఎండిపోయాయి. అదే సమయంలో నిరుద్యోగులకు, వృద్ధులకు, బడులకు డబ్బు పంపవలసిన భారం మాత్రం పెరిగింది. ఆ దశకంలో ఇరవైకి పైగా రాష్ట్రాలు చిల్లర అమ్మకాలపై పన్ను విధించాయి. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, జనం కొనేది ఐదు సెంట్ల, పది సెంట్ల సరుకు. రెండు శాతం పన్ను అంటే పది సెంట్ల మీద సెంటులో ఐదో వంతు. దేశంలో సెంటు కన్నా చిన్న నాణెం లేదు. దుకాణదారు ఒక సెంటు పుచ్చుకుంటే పేదవాడు రెండు శాతానికి బదులు పది శాతం పన్ను కట్టినట్టు. ఏమీ పుచ్చుకోకపోతే ఆ పన్నును దుకాణదారే తన జేబులోంచి కట్టుకోవాలి.

సెంటులో పదో వంతును మిల్ అంటారు. 1792 నాటి నాణేల చట్టంలోనే ఆ పేరు ఉంది గానీ, ఆ విలువతో నాణెం మాత్రం కేంద్ర ప్రభుత్వం ఎన్నడూ కొట్టలేదు. ఆ లోటును రాష్ట్రాలు తమ టోకెన్లతో పూడ్చాయి. 1933లోనే ఇల్లినాయ్‌లోని కొన్ని ఊళ్ళలో వర్తకులు కలిసి సొంతంగా బిళ్ళలు వేయించుకున్నారు; రాష్ట్ర ప్రభుత్వమే స్వయంగా టోకెన్లు జారీ చేయడం 1935లో మొదలైంది. మొత్తం పన్నెండు రాష్ట్రాలు ఈ దారి పట్టాయి: వాషింగ్టన్, ఇల్లినాయ్, మిస్సోరి, కొలరాడో, న్యూ మెక్సికో, అరిజోనా, యూటా, ఓక్లహోమా, కాన్సస్, లూసియానా, మిసిసిపి, అలబామా. నాకు వచ్చిన సంచిలో వీటిలో తొమ్మిది రాష్ట్రాలవి ఉన్నాయి. హామీ ఇచ్చిన దానికన్నా ఒకటి ఎక్కువే గనుక ఆ విషయంలో ఫిర్యాదు లేదు.

అన్నిటికన్నా ఎక్కువసేపు నన్ను పట్టి కూర్చోబెట్టినవి మిస్సోరి వారి అట్ట టోకెన్లు. 1935లో ఆ రాష్ట్రం పన్నును ఒక శాతానికి పెంచినప్పుడు మొదట జారీ చేసినవి ఇవే. పాలసీసా మూతకు వాడే దళసరి అట్టనే గుండ్రంగా కత్తిరించి, దాని మీద ఒక మిల్ అనో ఐదు మిల్‌లు అనో అచ్చు వేశారు. సేకర్తలు ఈనాటికీ వీటిని పాలసీసా మూతలనే పిలుస్తారు. వీటి మీద "టోకెన్" అని గానీ "నాణెం" అని గానీ ఉండదు, పన్ను చెల్లించినట్టు రసీదు అనే అర్థం వచ్చే మాటలే ఉంటాయి. నా సంచిలోని అట్ట బిళ్ళల్లో ఒకదాని అంచు పొరలు పొరలుగా విడిపోయి, మధ్యలో వేలిముద్ర పరిమాణంలో నూనె మరక ఇంకిపోయి ఉంది. మరొకదాని మీద అచ్చు లేని చోట ఎవరో పెన్సిలుతో చిన్న అంకెలు వేసి కూడుకున్నారు: 12, 8, 25. కూడిక కింద గీత ఉంది, మొత్తం మాత్రం రాయలేదు. దుకాణంలో నిలబడి లెక్క చూసుకున్న మనిషి ఎవరో తెలియదు గానీ, సెంటులో పదో వంతు కోసం కూడా లెక్క వేసుకోవలసిన రోజులు ఎలా గడిచి ఉంటాయో ఆ మూడు అంకెలు చూస్తే అర్థమవుతుంది. నాణేల స్థితిని బట్టి తరగతి కట్టే గ్రేడింగ్ లెక్కన ఇది దెబ్బతిన్న ముక్క. నా లెక్కన సంచి మొత్తంలో ఇదే మేలైనది.

ఈ బిళ్ళలతో లావాదేవీ ఎలా జరిగేదో ఒక్కసారి చేతిలో పెట్టుకుని చూస్తే గానీ తెలియదు. ఒక శాతం పన్ను ఉన్న రోజుల్లో పది సెంట్ల సబ్బు కొంటే పన్ను ఒక మిల్. కొనుగోలుదారు దగ్గర మిల్ ఉంటే సబ్బు ధరతో పాటు ఆ బిళ్ళ ఇచ్చి వెళ్ళిపోవచ్చు. లేకపోతే పదకొండు సెంట్లు ఇచ్చి, మిగిలిన తొమ్మిది మిల్‌లను, అంటే ఒక ఐదు మిల్‌ల బిళ్ళనూ నాలుగు ఒక మిల్ బిళ్ళలనూ తిరిగి తీసుకోవాలి. ఒక్క సబ్బు కొన్నందుకు జేబులో ఐదు బిళ్ళలు చేరతాయి. దుకాణదారు వీటిని అసలు చిల్లరతో కలవకుండా గల్లాపెట్టెలో వేరే అర పెట్టుకోవాలి. జనం ఈ టోకెన్లను ఎంతగా విసుక్కున్నారో ఊహించడానికి ఇంతకన్నా ఆధారం అక్కర్లేదు.

అట్ట నానిపోతుంది, చిరిగిపోతుంది గనుక మిస్సోరి ఆ తరువాత జింకు బిళ్ళలకు మారింది, రెండో ప్రపంచ యుద్ధకాలంలో ప్లాస్టిక్‌కు వచ్చింది. ఒక మిల్‌కు ఎరుపు, ఐదు మిల్‌లకు ఆకుపచ్చ. ఈ రెండు రంగుల ప్లాస్టిక్ బిళ్ళలు ఎంత విరివిగా తయారయ్యాయంటే ఈనాటికీ ఏ మిశ్రమ సంచి విప్పినా సగం అవే ఉంటాయి, నాకు వచ్చిన దానిలోనూ దాదాపు అంతే. టోకెన్లను చివరిదాకా పట్టుకుని ఉన్న రాష్ట్రం కూడా మిస్సోరియే; 1961లో గానీ వాటిని వదిలిపెట్టలేదు. అప్పటికి మిగతా రాష్ట్రాలు ఎప్పుడో ఈ బెడద వదిలించుకుని, ఇంత నుంచి ఇంత దాకా కొంటే ఇన్ని సెంట్లు అని పట్టిక వేసి, దాని ప్రకారం పూర్తి సెంట్లలోనే పన్ను వసూలు చేసుకుంటున్నాయి.

ఇల్లినాయ్ బిళ్ళల కథ వేరు. అక్కడ పన్ను మూడు శాతం, కాబట్టి ఐదు సెంట్ల సరుకు మీద పన్ను ఒకటిన్నర మిల్. అందుకే వారి టోకెన్ విలువే ఒకటిన్నర మిల్. ఇంత విడ్డూరమైన విలువతో మరే నాణెమైనా చెలామణిలో ఉండేదా అని అనిపిస్తుంది గానీ, చిన్న సరుకు కొనేవాడి దగ్గర ఒక్క పిసరు కూడా ఎక్కువ తీసుకోకూడదన్న పట్టుదల ఆ అంకెలో కనిపిస్తుంది, అందుకే నాకు ఆ బిళ్ళ అంటే గౌరవం. మొదట వీటిని గుండ్రంగా, అల్యూమినియంతో, దాదాపు డైమ్ (పది సెంట్ల) నాణెం పరిమాణంలో వేశారు. డైమ్‌తో పొరపాటు పడే అవకాశం ఉందని కేంద్ర ఖజానా శాఖ అభ్యంతరం చెప్పడంతో వాటిని చతురస్రాకారంలోకి మార్చారు. సంచి కొనేటప్పుడు గుండ్రనిదీ చతురస్రమూ రెండూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే ఆ వివాదం కళ్ళకు కడుతుంది. నాకు చతురస్రమే వచ్చింది. గుండ్రనిది తరువాత విడిగా కొనుక్కున్నాను, దానికి పెద్దగా ఖర్చు కాలేదు.

ఈ గొడవ ఇంకా పైకి వెళ్ళింది. 1935లో ఖజానా మంత్రి హెన్రీ మోర్గెంథావ్, రాష్ట్రాలు ఇలా సొంత బిళ్ళలు వేసుకోవడం కన్నా కేంద్రమే అర సెంటు, ఒక మిల్ నాణేలు కొట్టడం మేలని అమెరికా చట్టసభ అయిన కాంగ్రెసును అనుమతి అడిగారు. కాంగ్రెసు ఒప్పుకోలేదు. ఒప్పుకుని ఉంటే ఈ సేకరణ అన్నదే ఉండేది కాదు.

మిగిలిన రాష్ట్రాల బిళ్ళలను నేను లోహాన్ని బట్టో పరిమాణాన్ని బట్టో కాక, వాటి మీద రాసిన మాటలను బట్టి సర్దుకున్నాను. కొత్తగా మొదలుపెట్టే వారికి కూడా అదే సలహా ఇస్తాను. ఓక్లహోమా బిళ్ళ మీద వృద్ధుల సహాయం కోసం అని ఉంటుంది. యూటా బిళ్ళ మీద అత్యవసర సహాయ నిధి పేరు ఉంటుంది. న్యూ మెక్సికో బిళ్ళ మీద బడుల పన్ను అని ఉంటుంది. చేతిలో ఉన్న ఈ చిల్లర ఎవరి కోసం పోతోందో ఆ పన్ను కట్టే మనిషికి ప్రతిసారీ చెప్పాలన్న ఆలోచన అది. పన్ను అంటే విసుగు ఉన్న జనానికి ఇది ఎంత నచ్చజెప్పిందో చెప్పలేం గానీ, ప్రభుత్వం తన పన్నుకు కారణం ప్రతి బిళ్ళ మీదా రాసి ఇవ్వడం నాకు మాత్రం మర్యాదగా తోచింది. వాషింగ్టన్ బిళ్ళ మరీ సూటిగా, పది సెంట్లు గానీ అంతకు తక్కువ గానీ పెట్టి కొన్న దాని మీద పన్ను అని చెబుతుంది. మధ్యలో చిల్లు ఉన్న ఈ అల్యూమినియం బిళ్ళను మా ఇంటికి వచ్చిన పెద్దవారికి చూపిస్తే, వెంటనే చిల్లుకానిలా ఉందన్నారు. 1943 నుంచి 1947 దాకా భారతదేశంలో వేసిన ఆ కంచు కానికీ దీనికీ నిజంగానే దగ్గర పోలిక ఉంది.

మన వైపు ఇలాంటి టోకెన్లు ఎందుకు రాలేదని ఆ పెద్దవారే అడిగారు. అది మంచి ప్రశ్న, ఎందుకంటే ఆ రోజుల్లో అమ్మకపు పన్ను మన వైపూ వచ్చింది. రాజాజీ మంత్రివర్గం మద్యనిషేధం వల్ల పోయిన ఆదాయాన్ని పూడ్చుకోవడానికి 1939లో మద్రాసు సాధారణ అమ్మకపు పన్ను చట్టం తెచ్చింది. ఆంధ్ర జిల్లాలన్నీ అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. అయితే ఆ పన్ను కౌంటర్ దగ్గర ఒక్కొక్క కొనుగోలు మీద లెక్క కట్టేది కాదు, వ్యాపారి మొత్తం అమ్మకాల (టర్నోవర్) మీద వేసినది. పైగా రూపాయికి 192 దమ్మిడీలుగా మన నాణేలు అప్పటికే చాలా చిన్న విలువల దాకా దిగి ఉన్నాయి. కొనుగోలుదారు జేబులోకి కొత్త బిళ్ళ రావలసిన అవసరం పడలేదు.

ఇక వ్యాపారి మీద ఉన్న ఫిర్యాదులు. మొదటిది, అమ్మకపు పన్ను టోకెన్లని అమ్మిన సంచిలో సంబంధం లేని బిళ్ళలు కలిశాయి. ఎర్రవీ నీలివీ చిన్న ఫైబర్ బిళ్ళలు, మధ్యలో ఒకటి అంకె, దానికి రెండు వైపులా ఒక్కొక్క అక్షరం ఉన్నవి కొన్ని వచ్చాయి. అవి 1944లో, యుద్ధకాలపు రేషన్ అమల్లో ఉన్నప్పుడు, అమెరికా ధరల నియంత్రణ కార్యాలయం రేషన్ పాయింట్లకు చిల్లరగా ఇచ్చినవి. ఎర్రవి మాంసానికీ కొవ్వు పదార్థాలకూ, నీలివి డబ్బా ఆహారానికీ. చరిత్ర దృష్టితో అవీ మంచివే, ఎవరైనా విడిగా సేకరించవచ్చు కూడా. కానీ వాటికీ పన్నుకూ సంబంధం లేదు. వందకు వంద అని లెక్క చెప్పి అమ్మినప్పుడు వీటిని అందులో కలపడం తప్పు. యుద్ధకాలపు లోహపు కొరత వల్ల అలబామా, మిసిసిపి లాంటి రాష్ట్రాలు కూడా ఫైబర్ టోకెన్లు వేశాయి గనుక, తెలియని కొనుగోలుదారు వీటినీ వాటినీ ఒకటే అనుకునే ప్రమాదం ఉంది. అనుమానం వస్తే రాష్ట్రం పేరు వెతకాలి. పేరు లేకపోతే అది రేషన్ బిళ్ళ అయ్యే అవకాశమే ఎక్కువ.

రెండోది, కొన్ని అల్యూమినియం బిళ్ళలను ఎవరో మెరుగు పెట్టారు. అద్దంలా మెరుస్తున్నాయి, దగ్గరగా చూస్తే ఒకే దిక్కుగా సన్నని గీతలు కనిపిస్తాయి. పాత నాణేన్ని తోమితే దాని విలువ పోతుందన్న సంగతి నాణేల వ్యాపారికి తెలియదనుకోలేం. మూడోది, సంచిలో పైన వేసిన చీటీ మీద ఒక జింకు బిళ్ళను అరుదైనదిగా రాశారు. అది నిజానికి ఏ పాత సామాన్ల దుకాణంలోనైనా దొరికే సాధారణ రకం. ఈ మూడు విషయాలూ వివరంగా రాసి పంపితే వ్యాపారి వాదించకుండా ఒప్పుకుని, రేషన్ బిళ్ళల లెక్కకు సరిపోయేలా కాన్సస్, అరిజోనా బిళ్ళలు మారుగా పంపారు. అరిజోనావి రాగివి, తోమనివి. ఈ స్పందన లేకపోయి ఉంటే నేను ఈ సంచిని మెచ్చుకునేవాణ్ణి కాదు.

అరుదు అనే మాట గురించి మరికొంచెం చెప్పాలి, ఎందుకంటే కొత్తవారు నష్టపోయేది అక్కడే. రాష్ట్రాలు జారీ చేసిన టోకెన్లలో చాలావాటి ధర ఈనాటికీ డాలరు లోపే. అవి లెక్కకు మించి తయారయ్యాయి, టోకెన్లు రద్దయ్యాక సొరుగుల్లోనూ సీసాల్లోనూ ఉండిపోయాయి. ధర పలికేవి వేరు: పట్టణ వర్తక సంఘాలు కొద్దికాలం పాటు వేయించుకున్న స్థానిక బిళ్ళలు, అచ్చు తప్పులు ఉన్నవి, నమూనాలు. అవి మిశ్రమ సంచుల్లోకి రావు; వచ్చినా వ్యాపారి ముందే ఏరి పక్కన పెట్టుకుంటాడు. డబ్బు పెరుగుతుందన్న ఆశతో ఈ సంచి కొనవద్దు. ఒక రకాన్ని గుర్తుపట్టడం కోసమైతే 1971లో ఏర్పడిన అమెరికన్ టాక్స్ టోకెన్ సొసైటీ వారి సమాచారం, సేకర్తలు అందరూ వాడే కేటలాగ్ సంఖ్యలు ఎంతో ఉపయోగపడతాయి. లోహం, చిల్లు ఆకారం, అక్షరాల పరిమాణం లాంటి చిన్న తేడాలతో ఒకే రాష్ట్రానికి ఎన్నో ఉపరకాలు ఉంటాయి. ఓపిక ఉన్నవారికి ఆ పని ఏళ్ళ తరబడి సాగుతుంది.

ప్యాకింగ్ బాగానే ఉంది గానీ, అట్ట బిళ్ళలను లోహపు బిళ్ళలతో కలిపి ఒకే సంచిలో వేయడం నాకు నచ్చలేదు. లోహపు అంచులు అట్టను కోస్తాయి. ఇంటికి వచ్చాక చేయవలసిన మొదటి పని వేరుచేయడమే. మెత్తని వినైల్ కవర్లలో పెట్టకూడదు, వాటిలోంచి వచ్చే రసాయనం లోహాన్ని ఆకుపచ్చగా జిగటగా చేస్తుంది. మైలార్ అనే వేరే రకం పారదర్శక ప్లాస్టిక్ కవర్లు గానీ, చతురస్రపు అట్ట హోల్డర్లు గానీ వాడాలి. జింకు బిళ్ళల మీద తెల్లని పొడిలాంటిది కనిపిస్తే తుడవవద్దు, తడి తగలకుండా సిలికా సంచి పెట్టి ఉంచితే చాలు. ప్లాస్టిక్ బిళ్ళలను ఎండ తగిలే చోట పెట్టకపోవడం మంచిది.

ఇక్కడ పెరుగుతున్న మన పిల్లలకు ఈ సంచి మంచి కానుక అవుతుందని నా అభిప్రాయం. పదేళ్ళు దాటిన పిల్లలకు శాతాల లెక్క, రాష్ట్రాల పేర్లు, మాంద్యం సంగతి ఒకేసారి చేతికి వస్తాయి. ఐదు సెంట్ల మీద మూడు శాతం ఎంతో వాళ్ళ చేతే లెక్క వేయించి, తరువాత ఇల్లినాయ్ బిళ్ళ ఇస్తే అది ఎందుకు పుట్టిందో వేరే చెప్పనక్కర్లేదు. బిళ్ళ పోయినా బాధపడవలసినంత ఖరీదు కాదు గనుక పిల్లల చేతికి నిస్సంకోచంగా ఇవ్వవచ్చు.

ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. తీసేసిన ఒక్కటీ వేరుచేయడంలో నిర్లక్ష్యానికి. ఆర్డర్ చేసే ముందు వ్యాపారికి మూడు ప్రశ్నలు రాయండి: మిస్సోరి ప్లాస్టిక్ బిళ్ళలు సగానికి మించకుండా పంపగలరా, అట్ట బిళ్ళలు కనీసం రెండైనా ఉంటాయా, రేషన్ బిళ్ళలు తీసేశారా. వీటికి సూటిగా జవాబు ఇచ్చే వ్యాపారి దగ్గర డాలరో రెండు డాలర్లో ఎక్కువైనా అక్కడే కొనండి.